ఓడ ఒంటి మీద రాసి ఉన్నదేంటి? షిప్ స్పాటింగ్‌లో అపోహలు - వాస్తవాలు

కార్గో ఓడల మీద డెక్ ఆఫీసర్‌గా పదహారేళ్లు గడిచాయి. నెలల తరబడి నీళ్ల మీద ఉండి సెలవుకి ఒడ్డుకొచ్చాక కూడా బైనాక్యులర్స్ మెడలో వేసుకుని, వచ్చేపోయే ఓడల్ని చూస్తూ నిలబడతాను. నాకు అది ఇష్టం, అంతే. అక్కడ కలిసే స్పాటర్లలో, అంటే ఓడల్ని చూడటం హాబీగా పెట్టుకున్నవాళ్లలో, చాలామంది నాకంటే ఓపికగా చూస్తారు, నాకంటే మంచి ఫొటోలు తీస్తారు. కానీ వాళ్లు చెప్పుకునే కొన్ని మాటలు వింటుంటే, ఓడ లోపల బతికినవాడిగా, అది అలా కాదండీ అని చెప్పాలనిపిస్తుంది. ఓడ గురించి మనకు కావలసింది చాలా వరకు దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. మనం మాత్రం ముందు ఫోన్ తీస్తాం.

అపోహ: ఓడ పక్కన పెద్ద అక్షరాలతో ఉన్నదే దాని పేరు

కాదు, అది ఎక్కువగా కంపెనీ పేరు. 2021 మార్చి 23న సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుని, 29న గానీ బయటపడని ఓడ గుర్తుంది కదా. దాని పక్కన ఎవర్‌గ్రీన్ అని ఉండటంతో, ఓడ పేరే అది అని చాలామంది అనుకున్నారు. దాని పేరు ఎవర్ గివెన్. అసలు పేరు ముందు భాగంలో రెండు పక్కలా చిన్నగా ఉంటుంది, వెనక భాగాన మళ్లీ ఉంటుంది, అక్కడ పేరు కిందే ఓడ రిజిస్టరైన రేవు పేరు కూడా ఉంటుంది. ఎప్పుడైనా ఒకటే ఫొటోకి అవకాశం ఉంటే వెనక భాగాన్ని తీయండి. అందంగా ఉండకపోవచ్చు, కానీ సమాచారం అక్కడే ఉంది.

అపోహ: జెండా ఏ దేశానిదైతే ఓడ ఆ దేశానిదే

మళ్లీ ఎవర్ గివెన్‌నే తీసుకుందాం. జెండా పనామాది, యజమాని జపాన్ కంపెనీ, నడిపించేది తైవాన్ కంపెనీ, సాంకేతిక నిర్వహణ జర్మన్ కంపెనీది, ఆ రోజు ఓడలో ఉన్న 25 మంది సిబ్బందీ భారతీయులు. ఇందులో వింతేమీ లేదు, మా వృత్తిలో ఇది రోజూ చూసేదే. ఓడల వెనక మజురో, మన్రోవియా అని ఎక్కువగా కనిపిస్తుంది. మజురో మార్షల్ దీవుల రాజధాని, మన్రోవియా లైబీరియా రాజధాని. ఆ ఓడల్లో చాలా వాటికి ఆ ఊళ్లతో రిజిస్ట్రేషన్ తప్ప వేరే సంబంధం లేదు, ఎప్పుడూ అక్కడికి వెళ్లకపోవచ్చు కూడా.

అలాగని జెండా ఉత్తుత్తి గుడ్డ కాదు. ఓడలో భద్రతా సర్టిఫికెట్లు, సిబ్బంది హక్కులు, ప్రమాదం జరిగితే విచారణ, ఇవన్నీ జెండా దేశం చట్టంతో ముడిపడి ఉంటాయి. జీతం ఆగిపోయిన నావికుడికి ఆ జెండా ఎవరిదనేది చాలా పెద్ద విషయం. ఇంకొకటి, పైన మాస్ట్ (స్తంభం) మీద ఎగిరే జెండాని చూసి ఓడ దేశం చెప్పేస్తుంటారు కొందరు. అది ఓడ వెళ్లిన దేశానికి మర్యాదగా కట్టే జెండా. సొంత జెండా వెనక ఉంటుంది.

అపోహ: పేరు, రంగు మారాయంటే అది వేరే ఓడ

ఓడలు చేతులు మారుతూనే ఉంటాయి, ప్రతిసారీ పేరు, రంగు, జెండా మారొచ్చు. మారనిది ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) నంబరు. ఏడంకెలు, ఓడ పుట్టుక నుంచి స్క్రాప్ యార్డులో విడగొట్టేదాకా అదే. ఈ పద్ధతి 1987లో వచ్చింది, 1996 నుంచి తప్పనిసరి అయింది. ఇప్పుడైతే ఓడ వెనక భాగాన గానీ, పక్కన గానీ, సూపర్ స్ట్రక్చర్ (డెక్ పైన కట్టిన భాగం) ముందు గానీ, బయటికి కనిపించేలా శాశ్వతంగా రాసి ఉండాలి.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ సీవైజ్ జెయింట్. 458 మీటర్ల పొడవున్న ట్యాంకర్, అంత పొడవైన ఓడ మళ్లీ రాలేదు. 1988లో ఇరాన్-ఇరాక్ యుద్ధంలో దాడికి గురైంది, బాగుచేశాక హ్యాపీ జెయింట్ అయింది, తర్వాత యారె వైకింగ్, ఆ తర్వాత నాక్ నెవిస్, చివరి ప్రయాణానికి మోంట్. ఐదు పేర్లు, నంబరు మాత్రం 7381154 ఒక్కటే. ఆ నంబరు సరైనదో కాదో మీరే లెక్క కట్టొచ్చు. మొదటి ఆరంకెల్ని వరుసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించండి: 49, 18, 40, 4, 3, 10. కూడితే 124. చివరి అంకె 4, నంబరులో ఏడో అంకె కూడా 4. దూరం నుంచి తీసిన మసక ఫొటోలో 3, 8 తేడా తెలియనప్పుడు ఈ లెక్క నన్ను చాలాసార్లు ఆదుకుంది.

పాత పేరు కూడా పూర్తిగా పోదు. పేరు అక్షరాల్ని ఉక్కు మీద వెల్డింగ్ గీతలుగా వేస్తారు, కొత్త పేరు రాసినప్పుడు వాటిని పూర్తిగా చెక్కేయకుండా పైన రంగు కొట్టేస్తే, ఏటవాలు ఎండలో ఆ పాత అక్షరాలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. పొద్దున, సాయంత్రం వెలుతురులో వెతకండి. ఒక పేరు కింద ఇంకో పేరు చదివిన రోజు నాకు ఎంత సంతోషంగా ఉంటుందో చెప్పలేను.

అపోహ: ట్రాకింగ్ యాప్‌లో ఉన్నదంతా నిజం, యాప్‌లో లేని ఓడ దొంగ ఓడ

యాప్‌లో మీరు చూసేది ఏఐఎస్ (ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టమ్) సమాచారం. ఓడలోని ఒక పరికరం వీహెచ్ఎఫ్ రేడియో మీద పంపుతుంది, ఒడ్డునున్న రిసీవర్లో, ఉపగ్రహాలో అందుకుంటాయి. అందులో కొంత దానంతట అదే వెళ్తుంది: స్థానం, వేగం, దిశ. నడుస్తున్న ఓడ వీటిని 2 నుంచి 10 సెకన్లకోసారి పంపుతుంది, లంగరులో ఉంటే 3 నిమిషాలకోసారి. కానీ గమ్యం, చేరే సమయం, డ్రాఫ్ట్ (ఓడ నీటిలో మునిగిన లోతు), 'లంగరులో ఉంది', 'నడుస్తోంది' లాంటి స్టేటస్, ఇవన్నీ బ్రిడ్జి (ఓడని నడిపించే గది) మీద ఎవరో ఒక ఆఫీసర్ చేత్తో నొక్కాల్సినవే. నేను థర్డ్ ఆఫీసర్‌గా ఉన్న రోజుల్లో, లంగరు ఎత్తి పన్నెండు నాట్ల వేగంతో పోతున్నాక గానీ స్టేటస్ ఇంకా లంగరులోనే ఉందని గమనించలేదు. ఆ గంటసేపు యాప్ చూసినవాళ్లకు లంగరేసిన ఓడ పరుగెత్తుతూ కనిపించి ఉంటుంది. గమ్యం దగ్గర 'ఫర్ ఆర్డర్స్' అని ఉంటే ఏదో రహస్యం అనుకోకండి, ఎక్కడికి వెళ్లాలో ఓడకి ఇంకా చెప్పలేదని అర్థం. ట్యాంకర్లకీ, ఖనిజం, ధాన్యం లాంటివి కుప్పగా మోసే బల్క్ క్యారియర్లకీ ఇది మామూలే, దారిలో ఉండగానే సరుకు చేతులు మారుతుంది.

ఇక కనిపించకపోవడం. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నేజీ (ఓడ పరిమాణపు కొలత, కింద చెబుతాను), ఆ పైన ఓడలకి, ప్రయాణికుల ఓడలన్నిటికీ ఏఐఎస్ తప్పనిసరి. చిన్న పడవలకి ఆ నియమం లేదు, యుద్ధనౌకలకీ లేదు. వీహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు చూపు మేరకే పోతాయి కాబట్టి నడిసముద్రంలో ఉన్న ఓడ ఒడ్డున ఉన్న రిసీవర్‌కి అందదు. పైరసీ భయం ఉన్న చోట భద్రత కోసం కెప్టెన్ ఆపేయొచ్చు కూడా. నిజంగానే తప్పుడు పనుల కోసం ఆపేసే ఓడలు లేవని అనను, ఉన్నాయి. కానీ గుర్తు మాయమైందని చూసి అంత మాట అనేయడం, అందులో పనిచేసే ఇరవై మందికి అన్యాయం.

అపోహ: రోజుల తరబడి లంగరేసి ఉందంటే చెడిపోయినట్టే

చాలావరకు బెర్త్ (రేవులో ఓడ కట్టే చోటు) ఖాళీ కోసం ఎదురుచూపే. లేదంటే పోటు కోసం, ఇంధనం కోసం, ఆర్డర్ల కోసం. తేడా కనిపెట్టడం కూడా తేలికే. పగలు ముందు భాగంలో ఒక నల్ల బంతి వేలాడుతుంటే లంగరులో ఉందని, నిలువుగా రెండు నల్ల బంతులుంటే ఓడ అదుపులో లేదని అర్థం. రాత్రి అయితే అదుపు తప్పిన ఓడ నిలువుగా రెండు ఎర్ర దీపాలు వెలిగిస్తుంది. మీ దగ్గరలో లంగరేసిన ఓడలన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉన్నాయా చూడండి, నీటి ప్రవాహం, గాలి ఎటున్నాయో చెబుతాయి. ఖాళీ ఓడ గాలి మాట ఎక్కువ వింటుంది, నిండు ఓడ నీటి మాట వింటుంది.

లంగరు ఒక్కటే అంత ఓడని పట్టి ఉంచుతుందన్నది కూడా సగమే నిజం. అడుగున పరుచుకున్న గొలుసు బరువు కూడా అందులో చాలా పని చేస్తుంది. గొలుసుని 27.5 మీటర్ల ముక్కలుగా లెక్కపెట్టి వదులుతాం, వాటిని షాకిల్స్ అంటాం. గాలి పెరిగితే ఇంకో షాకిల్ వదలాలా, లేక లంగరు ఎత్తేసి బయటికి పోవాలా అన్న టెన్షన్‌తో గడిచే రాత్రులు ఒడ్డు మీంచి చూస్తే ప్రశాంతంగానే కనిపిస్తాయి.

అపోహ: పక్క నుంచి నీళ్లు కారుతున్నాయి, ఓడకి చిల్లు పడింది లేదా మురికి వదులుతోంది

ఎక్కువగా అది ఇంజిన్, జనరేటర్లను చల్లార్చి బయటికొచ్చే సముద్రపు నీరు. ధారగా, ఆగకుండా వస్తుంది. సరుకు ఎక్కించుకుంటున్న ఓడైతే బ్యాలస్ట్ నీరు (ఖాళీగా ఉన్నప్పుడు నిలకడ కోసం నింపుకున్నది) వదులుతూ ఉండొచ్చు. ముందు నుంచి నీళ్లు చిమ్ముతుంటే లంగరు గొలుసు బురద కడుగుతున్నారు. నీటి మీద నూనె తెట్టు రంగురంగులుగా కనిపిస్తే మాత్రం ఫొటో తీసి పోర్టు అధికారులకు చెప్పండి, అందులో మొహమాటం వద్దు.

అపోహ: కింద ఎర్ర రంగు ఎక్కువ కనిపిస్తోందంటే, ప్రొపెల్లర్ రెక్క తేలుతోందంటే ప్రమాదం

ఖాళీగా వెళ్తోందని అర్థం. ఆ ఎర్ర రంగు నాచు, గవ్వలు అంటకుండా వేసే పూత, అందులో వాడే రాగి సమ్మేళనం వల్ల ఆ రంగు అలవాటైంది, ఇప్పుడు నీలం, ఆకుపచ్చ కూడా కనిపిస్తాయి. ప్రమాదం తెలుసుకోవాలంటే చూడాల్సింది ఓడ మధ్యలో ఉండే గీత పడ్డ వృత్తాన్ని. ఓవర్‌లోడ్ చేసిన ఓడల్లో నావికులు చచ్చిపోతుంటే శామ్యూల్ ప్లిమ్సాల్ బ్రిటన్ పార్లమెంటులో పోరాడితే, 1876లో చట్టంతో ఈ గీత తప్పనిసరైంది. పక్కనున్న నిచ్చెన లాంటి గీతలు వేసవి, చలికాలం, ఉష్ణమండలం, మంచినీరు, ఇలా ఒక్కో పరిస్థితిలో ఎంత వరకు మునగొచ్చో చెబుతాయి. మంచినీటిలో గీత పైకి ఉంటుంది, ఎందుకంటే ఉప్పునీటి కంటే అది తేలిక, ఓడ ఇంకాస్త లోతుకి దిగుతుంది. మా వృత్తిలో ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన గీత అది. నేను ఏ ఓడని చూసినా ముందు అక్కడికే చూస్తాను.

అపోహ: గ్రాస్ టన్నేజీ అంటే ఓడ బరువు

ఓడ లోపలి మొత్తం ఘనపరిమాణాన్ని బట్టి వచ్చే సంఖ్య అది, బరువు కాదు. సరుకు, ఇంధనం, నీళ్లు అన్నీ కలిపి ఎంత బరువు మోయగలదో చెప్పేది డెడ్‌వెయిట్. కార్ల ఓడకి గ్రాస్ ఎక్కువ, డెడ్‌వెయిట్ తక్కువ, ఇనుప ఖనిజం మోసే ఓడకి సరిగ్గా తలకిందులు.

అపోహ: పడవలో దగ్గరికెళ్లి ఫొటో తీసుకోవచ్చు, ఓడే తప్పుకుంటుంది

దీన్ని మాత్రం గట్టిగా చెబుతాను. వద్దు. ఓడకి బ్రేకులుండవు. పూర్తి వేగంలో ఉండగా ఇంజిన్ వెనక్కి తిప్పితే 15 ఓడ పొడవుల లోపల ఆగాలని ఐఎంఓ ప్రమాణం, అంటే 300 మీటర్ల ఓడకి నాలుగున్నర కిలోమీటర్లు. పైగా బ్రిడ్జి నుంచి ఓడ ముందు కొంత నీరు మాకు అసలు కనబడదు. ఆ గుడ్డి దూరం రెండు ఓడ పొడవులు గానీ 500 మీటర్లు గానీ, ఏది తక్కువైతే అంతకి మించకూడదని నియమం. అంటే 500 మీటర్ల వరకు మీరు మాకు కనబడకుండా ఉండొచ్చు. ముందున్న చిన్న పడవ ఆ అంచు కిందికి వెళ్లి కనబడకుండా పోయి, మళ్లీ అవతలి పక్కన తేలే వరకు బ్రిడ్జి మీద ఎవరూ మాట్లాడని క్షణాలు నాకు తెలుసు. దయచేసి ఒడ్డు నుంచే తీయండి.

అపోహ: పెద్ద లెన్సు లేకపోతే ఈ హాబీ లేదు

7x50 బైనాక్యులర్స్ చాలు, బ్రిడ్జి మీద మేం వాడేది కూడా అదే. ఏడు రెట్లే కాబట్టి చేతి వణుకు తెలియదు, 50 మిల్లీమీటర్ల అద్దం కాబట్టి మసక వెలుతురులోనూ కనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండలో నీటి మీద వేడిగాలి అల్లాడుతుంటే ఎంత ఖరీదైన లెన్సయినా ఓడ పేరు చదవలేదు. ఇక గేటు లోపలికి వెళ్లి తీయాలనుకోకండి, 2004 జూలై 1న ఓడలు, రేవుల భద్రతకు సంబంధించిన ఐఎస్‌పీఎస్ కోడ్ అమల్లోకి వచ్చినప్పటి నుంచి పోర్టుల్లో కాపలా నియమాలు కఠినంగా ఉంటాయి, ఫొటోల మీద నిషేధం ఉన్నచోట అడిగి తెలుసుకున్నాకే కెమెరా తీయండి.

అపోహ: చెయ్యి ఊపితే ఎవరూ చూడరు, చూస్తే హారన్ కొట్టేవాళ్లు

400 మీటర్ల కంటైనర్ ఓడలో కూడా ఉండేది పాతిక మంది అటూఇటూ. రేవులోకి వచ్చే వేళ బ్రిడ్జి మీద కెప్టెన్, రేవులోకి దారి చూపించే పైలట్, మేము, ముందు భాగంలో లంగరు దగ్గర కొందరు, వెనక తాళ్ల దగ్గర కొందరు. మిమ్మల్ని చూస్తాం. హారన్ మాత్రం ఊరికే కొట్టలేం, ఒక చిన్న మోత అంటే కుడికి తిరుగుతున్నామని, రెండంటే ఎడమకి, మూడంటే ఇంజిన్ వెనక్కి తిప్పుతున్నామని, ఐదంటే నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావట్లేదని పక్క ఓడకి చెప్పడం. అందుకని ముందు భాగం వైపు చెయ్యి ఊపండి. లంగరు దగ్గర నిలబడ్డ వాళ్లకి ఆర్డరు వచ్చే వరకు ఎదురుచూడటమే పని, చాలాసార్లు తిరిగి ఊపుతారు.