కాలు పడిపోయింది, స్కాన్ బాగుంది: మధ్యలో పోయిన నలభై ఏళ్లు

బ్రిటన్‌లో ఎఫ్‌ఎన్‌డీ, అంటే ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్, మళ్ళీ చర్చకు వచ్చింది. అక్కడి వైద్య మార్గదర్శకాల సంస్థ నైస్, దీర్ఘకాలిక నాడీ సమస్యలున్నవారి పునరావాస చికిత్సపై 2025 అక్టోబరులో మార్గదర్శకం విడుదల చేసింది. మెదడు దెబ్బలు, వెన్నుపాము గాయాల సరసన దీన్నీ అందులో చేర్చింది. చేర్చడం వరకు బాగానే ఉంది. ఆ చికిత్స ఇవ్వగల బృందాలు ఎన్ని ఊళ్లలో ఉన్నాయన్నది ఒక తగాదా. 2024లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌ను చూపించి, అసలు ఇది పనిచేస్తుందా అని అడగడం రెండో తగాదా.

పారిస్‌లో షార్కో, వియన్నాలో ఫ్రాయిడ్, ఈ జబ్బు పాత పేరైన హిస్టీరియా అనే మాట పుట్టుపూర్వోత్తరాలు చాలామంది చాలాసార్లు రాశారు. వాటిని వదిలేద్దాం. కాలు కదలదు, చెయ్యి వణుకుతుంది, మూర్ఛలాంటిది వచ్చి పడిపోతారు. స్కాన్‌లో మాత్రం మెదడుకు ఏ దెబ్బా కనబడదు. మెదడు నిర్మాణం బాగానే ఉంటుంది, పనితీరు దారి తప్పుతుంది. నటన కాదు. ఇంత తెలిస్తే చాలు.

నేటి గొడవకు మూలం నా లెక్కలో 1965 మే నెల బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఉంది. లండన్ క్వీన్ స్క్వేర్‌లోని నేషనల్ హాస్పిటల్ సైకియాట్రిస్టు ఎలియట్ స్లేటర్, అదే ఆసుపత్రిలో 1950లలో ‘హిస్టీరియా’ అని రాసి పంపిన 85 మంది తర్వాత ఏమయ్యారో ఆరా తీశాడు. వారిలో చాలామందికి అసలైన నరాల జబ్బు బయటపడింది, కొందరు చనిపోయారు. హిస్టీరియా అన్న నిర్ధారణ అజ్ఞానానికి వేసిన ముసుగనీ, వైద్యుల పొరపాట్లకు పుట్టినిల్లనీ స్లేటర్ తేల్చేశాడు.

ఆ దెబ్బతో న్యూరాలజిస్టులు జడిసిపోయారు. రోగిలో ఈ లక్షణాలు కనబడితే వరసగా పరీక్షలు చేయించడం, అన్నీ నార్మల్ వస్తే ‘మా జబ్బు కాదు’ అని పంపించేయడం రివాజైంది. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే, పడిపోయిన కాలితో ఆయనేం చేయాలి? రెండు విభాగాల నడుమ రోగి బంతి అయ్యాడు. ఎవరూ తమవాడు అనుకోని రోగికి ఎవరు బృందం కడతారు? ఫిజియోథెరపిస్టులకు దీన్ని నేర్పినవారు లేరు, పడకలు కేటాయించినవారు లేరు.

విచిత్రమేమిటంటే, స్లేటర్‌కు జవాబు అదే క్వీన్ స్క్వేర్ నుంచి వచ్చింది. 1998లో అక్కడివారే ఇలాంటి 64 మందిని ఆరేళ్ల తర్వాత వెతికి చూస్తే, వారి లక్షణాలకు కారణం కాగల కొత్త నరాల జబ్బు బయటపడింది ముగ్గురిలోనే. 2005లో పాత అధ్యయనాలన్నీ కూడగట్టి చూశారు. 1950లలో 29 శాతంగా ఉన్న పొరపాటు నిర్ధారణలు 1970ల నుంచి 4 శాతం దగ్గరే ఉన్నాయి. సీటీ స్కాన్ వచ్చింది కాబట్టి తగ్గాయనుకోవడం సులువు. ఆ పరిశీలకులు మాత్రం తగ్గుదలకు కారణం ఎక్కువగా అధ్యయనాల నాణ్యత పెరగడమే కావచ్చన్నారు. అంటే 1965లో పుట్టిన భయం, ఆధారం పోయినా, నాలుగు దశాబ్దాలు బతికింది.

ఇంతకీ నిర్ధారణ ఎలా చేస్తారు? 1908లో అమెరికా వైద్యుడు చార్లెస్ హూవర్ రాసిన పరీక్ష చూడండి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, చచ్చుబడిన కాలి మడమ కింద డాక్టరు చెయ్యి పెడతారు. మడమను కిందికి నొక్కమంటే చలనం ఉండదు. అప్పుడు బాగున్న కాలిని పైకెత్తమని, దాన్ని రెండో చేత్తో పైనుంచి ఆపుతారు. రోగి ధ్యాసంతా ఆ కాలి మీదే. సరిగ్గా అప్పుడు కింది చేతి మీద మడమ బరువుగా దిగుతుంది. ఇన్నేళ్లూ దీన్ని దొంగను పట్టుకోవడానికన్నట్టు వాడారు. ఈ గుర్తును రోగికే చూపించి ‘మీ కాలికి బలముంది, మెదడు దాన్ని అందుకోలేకపోతోంది’ అని చెప్పడం మేలని 2012లో న్యూరాలజిస్టులు జాన్ స్టోన్, మార్క్ ఎడ్వర్డ్స్ రాశారు. మరుసటి ఏడాది అమెరికా సైకియాట్రీ వర్గీకరణ డీఎస్ఎం-5, ఈ నిర్ధారణకు మానసిక ఒత్తిడి ఉండి తీరాలన్న షరతును తీసేసింది.

బృందంగా చేసే చికిత్స, గుర్తును రోగికి అలా చూపించడంతోనే మొదలవుతుంది. ముందుకు అడుగు పడనివారిని ఫిజియోథెరపిస్టు వెనక్కి నడిపించి చూస్తారు, పక్కకు నడిపిస్తారు, ధ్యాస కాలి మీంచి మళ్లేలా చేతికి బంతి ఇస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు వంటగదిలో టీ పెట్టిస్తూ అలసటను లెక్కవేసుకోవడం నేర్పుతారు. పడిపోయే ముందు ఒంట్లో ఏం జరుగుతోందో గుర్తుపట్టడం సైకాలజిస్టు వంతు. అక్కరలేని మూర్ఛ మందులు తగ్గించడం డాక్టరు పని. అన్నిటికన్నా ముఖ్యం, నలుగురూ రోగికి ఒకే మాట చెప్పడం. నార్వేలో నడక దెబ్బతిన్న 60 మందికి మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచి ఇలాంటి చికిత్స ఇస్తే వచ్చిన మెరుగుదల ఏడాది తర్వాతా నిలిచిందని 2014లో ప్రకటించారు. అదే ఏడాది క్వీన్ స్క్వేర్ నాలుగు వారాల కార్యక్రమంలో చేరిన 66 మందిలో మూడింట రెండు వంతులు వెళ్లేటప్పుడు బాగైందన్నారు. పోల్చడానికి మరో గుంపు లేదన్నది ఈ రెండో లెక్కకు ఉన్న లోటు, ఒప్పుకోవాల్సిందే.

ఇక 2024 ట్రయల్. 355 మంది. ప్రత్యేక ఫిజియోథెరపీకీ మామూలు న్యూరో ఫిజియోథెరపీకీ ఏడాది తర్వాత శారీరక సామర్థ్యం కొలిచే ప్రశ్నావళిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మూర్ఛలాంటి పడిపోవడాలపై 2020లో 368 మందితో వచ్చిన ట్రయల్‌లో కూడా సైకలాజికల్ థెరపీ వాటి సంఖ్యను తగ్గించిందని తేలలేదు. డబ్బులిచ్చేవారు ఈ రెండు వాక్యాలే చదువుతారు. 2024 ట్రయల్‌లో తమకు మెరుగైందన్నవారు ప్రత్యేక చికిత్స వైపే ఎక్కువ. 2020 ట్రయల్‌లో పడిపోవడాల సంఖ్య తగ్గకపోయినా, రోజువారీ జీవితం తేలికపడిందన్నవారున్నారు. పైగా రెండూ పరీక్షించింది బృందాన్ని కాదు, బృందంలో ఒక్కొక్కరిని.

ఎఫ్‌ఎన్‌డీ అన్న ముద్ర పడ్డాక కొత్త జబ్బు వచ్చినా పట్టించుకోరని కొందరు రోగులు భయపడతారు. అది నిజమైన భయమే. ఆ భయానికి మందు మళ్ళీ మళ్ళీ చూసే వైద్యుడు. ఒకసారి చూసి పంపేయడం స్లేటర్ తర్వాత అలవాటైన పద్ధతి.

మన దగ్గర ఈ తగాదా ఇంకా మొదలే కాలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ పేర్లున్నాయి, దీని పేరు లేదు. ‘రిపోర్టులన్నీ నార్మల్, టెన్షన్ తగ్గించుకోండి’ అన్న మాటతో ఇంటికి వచ్చిన మనిషిని కుటుంబం వీధి చివరి ఫిజియోథెరపీ క్లినిక్‌కు తీసుకెళ్తుంది. అక్కడ పక్షవాతం వచ్చినవారికి చేయించే వ్యాయామాలే చేయిస్తారు: కాలి వైపే చూడండి, కాలి మీదే ధ్యాస పెట్టండి, ఎత్తండి.