మెదడు ఇన్ఫెక్షన్లు ఎవరికి వస్తాయి? మా వార్డులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

"మా ఆయన చిల్లర లెక్క తప్పుతున్నాడండీ."

నలభై దాటిన ఒక ఆటో డ్రైవర్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన భార్య నాతో అన్న మొదటి మాట ఇది. మూడు వారాలుగా తలనొప్పి, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాస్త వెచ్చబడటం. ఊళ్ళో ఒకరు టైఫాయిడ్ అని సెలైన్లు ఎక్కించారు, ఇంకొకరు సైనస్ అన్నారు, మరొకరు గ్యాస్ అన్నారు. అవన్నీ కేసు షీట్లో రాసుకున్నాను గానీ నాకు గుబులు పుట్టించింది ఆ చిల్లర మాటే. ఇరవై ఏళ్ళుగా నోటిలెక్కతో బతికిన మనిషి, ఇరవై రూపాయల కిరాయికి యాభై నోటు ఇస్తే నలభై తిరిగిచ్చేస్తున్నాడట. చివరికి తేలింది టీబీ మెనింజైటిస్, అంటే మెదడు చుట్టూ ఉన్న పొరలకు పాకిన క్షయ.

న్యూరాలజీలో ఇన్నేళ్ళుగా ఇలాంటి రోగులనే చూస్తున్నాను. వాళ్ళ ఇంటివాళ్ళ నోట పదేపదే వినే మాటలు కొన్నున్నాయి. వాటిలో చాలావాటి వల్ల రోజులు పోతాయి. ఈ జబ్బుల్లో రోజులు పోతే మనుషులు పోతారు.

"జ్వరం పెద్దగా లేదు కదా సార్, మెదడుదాకా ఎందుకు పోతుంది?"

జ్వరం ఎంత ఉందన్నది కొలబద్ద కాదు. టీబీ మెనింజైటిస్‌లో వారాల తరబడి 100 డిగ్రీల దగ్గరే ఊగిసలాడవచ్చు. వయసు మళ్ళినవాళ్ళకు, స్టెరాయిడ్లు వాడేవాళ్ళకు ఒక్కోసారి ఒళ్ళు కాలదు కూడా. మామ్మగారు రెండు రోజుల్నించి మగతగా పడుకునే ఉంటే "వయసైపోయింది కదా" అని వదిలేస్తారు. నేనలా వదలను.

మెడ పట్టేయడం కూడా అందరిలో ఉండదు. బ్యాక్టీరియల్ మెనింజైటిస్ మీద నెదర్లాండ్స్‌లో 696 కేసులను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2004లో వచ్చింది. జ్వరం, మెడ బిగుసుకోవడం, స్పృహలో తేడా, మూడూ కలిసి కనబడింది 44 శాతంలోనే. తలనొప్పిని కూడా చేర్చి నాలుగింటిలో కనీసం రెండు ఉన్నాయా అని చూస్తే 95 శాతం కేసులు దొరికాయి. అందుకే నేను ఇంటివాళ్ళని మొదట అడిగేది ఒకటే: మనిషి మారాడా? మాట తడబడుతోందా, పేర్లు మర్చిపోతున్నాడా, ఊరికే కసురుకుంటున్నాడా, పగలంతా నిద్రేనా? ఈ మార్పు నా కంటే ముందు ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది. పది నిమిషాలు చూసే నాకు ఆ మనిషి మొన్నటిదాకా ఎలా ఉండేవాడో ఎలా తెలుస్తుంది?

"ఇలాంటివి బక్కచిక్కినవాళ్ళకి, పిల్లలకే వస్తాయి"

సగం నిజం. సుగర్ అదుపులో లేనివాళ్ళు, హెచ్‌ఐవీ ఉండి మందులు వాడనివాళ్ళు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు, ప్లీహం తీసేసినవాళ్ళు, మద్యం బాగా అలవాటైనవాళ్ళు ఎక్కువగా ఈ జబ్బుల పాలవుతారు. పేరూ ఊరూ లేని పొట్లాల్లో కీళ్ళనొప్పులకు ఇచ్చే మాత్రల్లో, ఒంటి రోగనిరోధక శక్తిని తగ్గించే స్టెరాయిడ్ ఉండటం మాకు కొత్తేమీ కాదు. ఆ పొట్లం సంగతి ఎవరూ వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, గుచ్చి గుచ్చి అడగాలి. 2021లో కరోనా తర్వాత బ్లాక్ ఫంగస్ ఎవరిని పట్టుకుందో గుర్తు తెచ్చుకోండి. చాలామంది సుగర్ ఉన్నవాళ్ళు, స్టెరాయిడ్లు వాడినవాళ్ళు. ముక్కులో మొదలై కంటికి, అక్కణ్ణించి మెదడుకు పాకింది.

మిగతా సగం: దుక్కలా ఉన్నవాళ్ళకూ వస్తాయి. హెర్పిస్ ఎన్సెఫలైటిస్‌నే తీసుకోండి. పెదవి మీద నీటిపొక్కులు తెచ్చే వైరస్సే చాలా అరుదుగా మెదడుకు చేరుతుంది. దానికి ఏ వయసైనా ఒకటే, ఏ జబ్బూ లేని వాళ్ళయినా ఒకటే.

పల్లెల్లో పిల్లలది వేరే కథ. మెదడువాపు అని మనవాళ్ళు పిలిచే జపనీస్ ఎన్సెఫలైటిస్ వైరస్ పందుల్లో, కొంగల్లో పెరుగుతుంది. వరిమళ్ళలో నిలిచిన నీటిలో పుట్టే క్యూలెక్స్ దోమలు దాన్ని మనుషులకు ఎక్కిస్తాయి. దీనికి టీకా ఉంది. 2003 వేసవి చివర అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విరుచుకుపడింది మాత్రం చండీపుర వైరస్, గోడల పగుళ్ళలో దాగే ఇసుక ఈగలు మోసుకొచ్చేది. 329 మంది పిల్లలకు సోకితే 183 మంది చనిపోయారు. పొద్దున ఆడుకున్న పిల్ల మర్నాటికి లేకుండా పోయిన ఇళ్ళు అవి. ఈ అంకె చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పూడుకుపోతుంది. దీనికి ఇంకా టీకా లేదు, నేరుగా పనిచేసే మందూ లేదు.

"చెవిలో చీము కారితే మంచిదే, లోపలి చెడంతా పోతుంది"

దయచేసి ఈ మాట మర్చిపోండి. మధ్యచెవికీ మెదడుకీ నడుమ ఉన్న ఎముక కోడిగుడ్డు పెంకులా పల్చన. ఏళ్ళ తరబడి వాసనతో చీము కారుతుంటే ఆ ఎముక తినేసుకుపోయి మెదడులో చీముగడ్డ కట్టవచ్చు. చెవిలో వెల్లుల్లి నూనె కాచిపోయడం దీనికి వైద్యం కాదు. కారే చీము ఉన్నట్టుండి ఆగి, తలనొప్పి, వాంతులు మొదలైతే "తగ్గిపోయింది" అని సంబరపడకండి. అదే రోజు ఆస్పత్రికి రండి. పుట్టుకతో గుండెజబ్బు ఉండి పెదవులు నీలంగా ఉండే పిల్లలకూ, పుచ్చుపళ్ళు వదిలేసినవాళ్ళకూ ఈ చీముగడ్డల ముప్పు ఉంది. తలకు దెబ్బ తగిలాక ముక్కులోంచి నీళ్ళలా కారుతుంటే అది జలుబు కాకపోవచ్చు, మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. ఆ చిల్లులోంచే క్రిములు లోపలికెళతాయి.

"క్యాబేజీ తింటే పురుగులు మెదడుకెక్కుతాయి"

క్యాబేజీలో కనబడే పచ్చ పురుగు సీతాకోకచిలుక జాతి పిల్ల. అది మెదడుకు పోదు. ఫిట్స్ వచ్చినవాళ్ళ స్కానులో మేం చూసే తిత్తి పంది బద్దెపురుగుది. దాని గుడ్లు మనిషి మలంలోంచి మట్టికీ నీళ్ళకీ, అక్కణ్ణించి పచ్చి కూరలకూ, కడగని చేతులకూ అంటుకుంటాయి. "మేం గుడ్డు కూడా ముట్టం, మాకెలా వచ్చింది?" అని బాధపడే కుటుంబాలు ఎన్నో. సరిగా ఉడకని పందిమాంసం తింటే పేగులో పురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తి మాత్రం ఆ గుడ్లు నోట్లోకి పోవడం వల్ల వస్తుంది, తినేది శాకమైనా మాంసమైనా. బాగా ఉడికిన క్యాబేజీ నిశ్చింతగా తినండి.

ఇక్కడే ఇంకో మాట. స్కాను చూసి పక్కింటివాళ్ళ సలహాతో నులిపురుగుల మాత్రలు వేసేసుకోకండి. తిత్తి చస్తున్నప్పుడు చుట్టూ వాపు పెరిగి ఫిట్స్ ఎక్కువ కావచ్చు. కంటిలో తిత్తులున్నాయేమో చూసి, స్టెరాయిడ్ అండగా పెట్టి మేం ఇస్తాం.

"పిచ్చెక్కింది, గాలి సోకింది"

రెండు రోజుల జ్వరం తర్వాత మనిషి పొంతన లేకుండా మాట్లాడితే, తనవాళ్ళనే గుర్తుపట్టకపోతే, అది ముందు మెదడు జబ్బు. హెర్పిస్ వైరస్ జ్ఞాపకం, మాట, ప్రవర్తన ఉండే భాగాన్నే పట్టుకుంటుంది. మందు పడకపోతే పదిమందిలో ఏడుగురు చనిపోతారు. అసైక్లోవిర్ అనే మందుంది. అనుమానం వస్తే చాలు, రిపోర్టు కోసం ఆగకుండా మొదలుపెట్టేస్తాం. తాయెత్తు కట్టించుకోవాలంటే కట్టించుకోండి, నేను కాదనను, కానీ సెలైన్ ఎక్కుతున్నప్పుడు కట్టించుకోండి.

"అంటుకుంటుందేమో, పిల్లల్ని దూరంగా ఉంచుదాం"

అన్నీ అంటుకోవు. మెనింజైటిస్ తెచ్చే మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియా అయితే ఇంట్లోవాళ్ళకు ముందుజాగ్రత్తగా మందు ఇస్తాం. మెదడులోని టీబీ పక్కవాళ్ళకు సోకదు, ఊపిరితిత్తుల్లో కూడా ఉంటే అది సోకుతుంది. మెదడువాపు, బ్లాక్ ఫంగస్ మనిషి నుంచి మనిషికి రావు.

"వెన్నులో నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయి"

ఆటో డ్రైవర్ దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆయన బావమరిది ఈ భయంతోనే రెండు రోజులు సంతకం పెట్టలేదు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. మేం సూది పెట్టేది దానికి ఒకటి రెండు పూసల కింద. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ఆ నీరు దాదాపు 150 మిల్లీలీటర్లు ఉంటుంది, రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతుంది. మేం తీసే కొద్దిపాటి నీరు కొన్ని గంటల్లోనే పూడిపోతుంది. కొందరికి నాలుగు రోజులు తలనొప్పి ఉంటుంది, అది నిజమే. ఫిట్స్, పక్షవాతం, స్పృహ లేకపోవడం ఉంటే ముందు స్కాన్ తీసి గానీ సూది పెట్టం. అంతవరకూ యాంటీబయాటిక్ మాత్రం ఆపం.

ఆయన నీరు తీశాక సీసా వెలుతురుకు పెట్టి చూపించాను. "తేటగా ఉంది కదా సార్, బాగున్నట్టేగా?" అంది భార్య. టీబీలో తేటగానే ఉంటుందమ్మా, అన్నాను. కదపకుండా ఉంచితే కొన్ని గంటలకు అందులో సాలెగూడు లాంటి పల్చని పోగు కట్టింది. ల్యాబ్‌లో సుగర్ తక్కువ, ప్రొటీన్ బాగా ఎక్కువ వచ్చాయి, జీన్ పరీక్షలో టీబీ క్రిమి దొరికింది. మందులు 9 నుంచి 12 నెలలు వాడాలి, మొదటి వారాల్లో స్టెరాయిడ్ కూడా. ప్రభుత్వం టీబీ మందులు ఉచితంగా ఇస్తుంది.

ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తోంది. లెక్కలు మళ్ళీ కుదిరాయి, కుడిచెవి వినికిడి కాస్త తగ్గింది. మధ్యలో ఒకసారి ఫిట్స్ వచ్చాయి, ఆ మందు ఇంకా వాడుతున్నాడు గనక ఆటో తోలవద్దన్నాను. నెలనెలా మాత్రలకు వస్తాడు, ఆటోలో వెనక సీట్లో కూర్చుని. బండి బావమరిది తోలుతున్నాడు.