‘రెప్యుటేషన్’ను మళ్లీ ఎందుకు పాడలేదు?

విశాఖపట్నం: అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ ఆల్బం ‘రెప్యుటేషన్’ గొడవ మళ్లీ రాజుకుంది. పాత రికార్డింగులు చేతికొచ్చినా మళ్లీ పాడాల్సిందేనని కొందరు, అక్కర్లేదని కొందరు. బీచ్ రోడ్డులో సాయంత్రాలు గిటార్లు పట్టుకుని కూర్చునే కుర్రకారుకు ఈ పేచీలో సొంత లెక్క కూడా ఉంది.

అమెరికా సంగీత నగరం నాష్‌విల్‌లో ఆమె తొలి రోజులు, విజయాలు అందరికీ తెలిసినవే. అసలు మలుపు 2018లో ఉంది. రికార్డు కంపెనీ బిగ్ మెషీన్‌తో 2005లో కుదిరిన ఆరు ఆల్బంల ఒప్పందంలో చివరిది ‘రెప్యుటేషన్’. ఆ రికార్డింగుల హక్కులు కంపెనీవే. అది 2017 నవంబరు 10న వచ్చాక కొత్త ఒప్పందం కోసం బేరం మొదలైంది. కొత్త ఆల్బం ఒకటిస్తే పాత ఆల్బం హక్కులొకటి వెనక్కిస్తామన్నారని ఆమె మాట. కాదు, సంతకం పెట్టగానే అన్నీ ఇచ్చేసేవాళ్లమని కంపెనీ అధిపతి స్కాట్ బోర్చెటా మాట. రుజువుగా 2019లో ఆయనే బయటపెట్టిన కాగితంలో మాత్రం కంపెనీ అడిగిన గడువు పదేళ్లు, ఆమె అడిగింది ఏడేళ్లు. తన పాటలు తనకు రావాలంటే మరో పదేళ్లు కట్టుబడి ఉండాలన్నమాట!

ఆమె ఒప్పుకోలేదు. 2018 నవంబరులో మరో రికార్డు కంపెనీ యూనివర్సల్‌కు వెళ్లింది, ఇకపై చేసే మాస్టర్లు (అసలు రికార్డింగులు) తనవేనన్న షరతుతో. ఏడాది తిరక్కుండానే పాత మాస్టర్లతో సహా బిగ్ మెషీన్ సంగీత మేనేజర్ స్కూటర్ బ్రాన్ కంపెనీ పరమైంది. 2020లో ఆ మాస్టర్లు పెట్టుబడి సంస్థ షామ్‌రాక్ చేతికి మారాయి. బ్రాన్‌కు అమ్మిన సంగతి లోకంతోపాటే తెలిసిందని ఆమె మాట; ముందురోజు రాత్రే ఆమెకు మెసేజ్ పెట్టానని బోర్చెటా అంటారు.

పాట వేరు, రికార్డింగ్ వేరు. రికార్డింగ్ పోయినా మాట, బాణీ ఆమెవే. ఒప్పందంలో మళ్లీ పాడరాదన్న గడువు తీరాక పాడితే ఆపేవాళ్లు లేరు. ప్రకటనల్లో, సినిమాల్లో పాత రికార్డింగ్ వాడాలన్నా రచయితగా ఆమె సరేననాలి. 2021 నుంచి 2023 లోపు నాలుగు ఆల్బంలు మళ్లీ పాడేసింది.

‘రెప్యుటేషన్’ మాత్రం లొంగలేదు. 2016లో ర్యాపర్ కాన్యే వెస్ట్‌తో రగడలో జనం ఆమెను పాము అన్నారు. 2017 ఆగస్టులో సోషల్ మీడియా పేజీలన్నీ తుడిచేసి, ఆ పాము వీడియోతోనే తిరిగొచ్చింది. ఇంటర్వ్యూలు లేవు, మూడు వారాలు స్ట్రీమింగ్ లేదు. అయినా అమెరికాలో తొలివారం 12 లక్షలకు పైగా కాపీలు పోయాయి. గ్రామీలో దక్కింది ఒక్క నామినేషన్. అంత కసిగా పాడినదాన్ని తీరుబడిగా మళ్లీ పాడటం ఎవరితరం? 2025 మే 30న మాస్టర్లు కొనుక్కున్నానంటూ రాసిన లేఖలో ఆమె చెప్పిందీ దాదాపు ఇదే: పావు వంతు కూడా చేయలేదు, మళ్లీ చేసినా మెరుగుపడేది కాదు. అభిమానులకు మిగిలిన ఆశల్లా అప్పట్లో విడుదల చేయని పాటల మీదే.

ఇక మనవాళ్ల లెక్క. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టంలో, హక్కుదారు అనుమతి లేకుండా పాట తొలిసారి రికార్డయిన ఏడాది ముగిశాక అయిదేళ్లకు గానీ కవర్ వెర్షన్ (అదే పాటను మళ్లీ రికార్డు చేయడం) చేయకూడదు. చేసినా హక్కుదారుకు ముందే నోటీసు, రాయల్టీ ఇవ్వాలి. రచయిత, స్వరకర్త తమ రాయల్టీ హక్కును కంపెనీకి రాసివ్వలేరు. సినిమా పాట పాడిన గాయనికి మాటా బాణీ తనవి కావు గనక టేలర్ దారి పనికిరాదు. సొంతంగా కట్టుకున్న పాటైతే పనికొస్తుంది, లేబుల్ (రికార్డు కంపెనీ) ఒప్పందంలో ‘మళ్లీ పాడరాదు’ అన్న షరతుకు సంతకం పెట్టకుండా ఉంటే. రికార్డింగ్‌కు పూనుకుని బాధ్యత తీసుకున్నది లేబులైతే మాత్రం చట్టప్రకారం నిర్మాత లేబులే, మాస్టర్ కూడా వాళ్లదే.