నులకమంచమంత దూరం

చిన్నూ, అమ్మలూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు అటక మీది నా ట్రంకుపెట్టె దించి, అందులోని నారింజరంగు టోపీ కోసం ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు కదా. దాని మీద ఎద్దు తల చూసి "పెదనాన్నా, ఇది ఒంగోలు గిత్తా?" అని చిన్నూ, "ఫుట్‌బాల్ అంటే కాలితో కదా, వీళ్లు చేత్తో పట్టుకుని పరిగెడతారేం?" అని అమ్మలు. ఆరోజు చుట్టాల గోలలో ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఫోన్‌లో చెబితే సగంలో పారిపోతారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

అది గిత్త కాదు, టెక్సస్ లాంగ్‌హార్న్. కొమ్ములు అటూ ఇటూ చేతులు చాచినట్టు ఉంటాయి. అమెరికాలో, ఆస్టిన్‌లో నేను ఎమ్మెస్ చదివిన టెక్సస్ యూనివర్సిటీకి అదే గుర్తు. బొమ్మ ఒక్కటే కాదు, నిజం ఎద్దునే మ్యాచ్‌కి తీసుకొస్తారు, పేరు బీవో. ఒకటి పోతే ఇంకోదానికి అదే పేరు పెడతారు, 2005లో ఉన్నది పద్నాలుగోది. ఎనభై వేల మంది అరుస్తుంటే గ్రౌండ్ పక్కన తాపీగా నెమరేసుకుంటూ ఉండేది. నాకు ఆటకన్నా ముందు నచ్చింది అదే.

ఇక ఆట, అమెరికన్ ఫుట్‌బాల్. పేరు ఎందుకలా పెట్టారన్నది వదిలేయండి, దీన్ని కబడ్డీకి దగ్గరి చుట్టం అనుకోండి. బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయాలి. మైదానం వంద గజాలు. బంతి మీ దగ్గరుంటే మీకు నాలుగు ఛాన్సులు, ఒక్కోదాన్ని డౌన్ అంటారు, ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ కొత్తగా నాలుగు ఇస్తారు. పోలేకపోతే ఉన్నచోటే బంతి అవతలివాళ్లకి ఇచ్చేయాలి. అందుకే మూడు అయ్యాక ఇంకా దూరం ఉంటే, చాలామంది నాలుగో డౌన్‌లో బంతిని దూరంగా తన్నేస్తారు, కనీసం అవతలివాళ్లు వెనక నుంచి మొదలుపెట్టాలని. (అదిగో అమ్మలూ, కాలు వచ్చింది.) బంతితో అవతలి చివరి గీత దాటితే 6 పాయింట్లు, దాన్నే టచ్‌డౌన్ అంటారు, ఆపైన బంతిని గోల్ కర్రల మధ్యకు తంతే 1, తన్నకుండా మళ్లీ గీత దాటితే 2. గోల్ కర్రల మధ్యకు మామూలుగా తంతే 3. ఈమాత్రం చాలు.

గజం అంటే తెలియకపోతే నాయనమ్మని అడగండి, ఆవిడ చీర ఆరు గజాలు. వరండాలో ఆవిడ పడుకునే నులకమంచం పొడవు రెండు గజాలు. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

2005 ఆగస్టులో సీజన్ మొదలయ్యే ముందు ఊళ్లో అందరికీ ఒకటే పుండు. పక్క రాష్ట్రం ఓక్లహోమా చేతిలో వరసగా ఐదేళ్లు ఓడిపోయారు. కోచ్ మాక్ బ్రౌన్ మంచివాడే కానీ పెద్ద మ్యాచ్ గెలవలేడని అక్కడి పేపర్లూ, బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయనా కూడా అనేవాళ్లు. జట్టులో బంతి నడిపేవాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, విన్స్ యంగ్, హ్యూస్టన్ కుర్రాడు. బంతి విసరడం అంత అందంగా ఉండదు, చెయ్యి పక్కకి తిప్పి గిరాటేసినట్టు విసురుతాడు. పరిగెత్తితే మాత్రం పట్టుకునేవాళ్లు లేరు. నడుస్తున్నట్టే ఉంటాడు, వెనకపడేవాళ్లకి అందడు.

రెండో మ్యాచే ఒహాయో స్టేట్‌తో, వాళ్ల ఊళ్లో, లక్ష మందికి పైగా జనం ముందు. 22-16తో వెనకపడి ఉండగా, ఇంకా 2 నిమిషాల 37 సెకన్లు ఉందనగా యంగ్ విసిరిన బంతిని లిమాస్ స్వీడ్ గీత అవతల పట్టేశాడు. చివరికి 25-22. ఆ తర్వాత డాలస్‌లో ఓక్లహోమాని 45-12తో కొట్టారు, ఐదేళ్ల పుండు ఒక్క మధ్యాహ్నంలో మానింది. రైస్, మిస్సోరీ, కొలరాడో, టెక్సస్ టెక్ గురించి రాయడానికి పెద్దగా లేదు, అన్నీ ఏకపక్షమే. టెక్సస్ టెక్ మ్యాచ్‌కి నేను స్టేడియంలోనే ఉన్నాను. అల్యూమినియం బెంచీ ఎండకి కాలిపోయి కూర్చోలేక, అందరూ నిలబడే చూస్తారని తెలియక, ఇంటి నుంచి దిండు మోసుకెళ్లిన ఏకైక మనిషిని నేనే అనుకుంటా.

ఓక్లహోమా స్టేట్ మ్యాచ్ మాత్రం చెప్పాలి. దీన్ని ఓక్లహోమాతో కలిపేయకండి, ఇది వేరే యూనివర్సిటీ, ఆ ఏడాది పెద్ద జట్టు కూడా కాదు. సగం ఆట అయ్యేసరికి మావాళ్లు 28-12తో వెనక. ఇంక అయిపోయిందని టీవీ కట్టేసి, బట్టల మూట భుజాన వేసుకుని కింద లాండ్రీ రూమ్‌కి వెళ్లాను. డ్రయ్యర్‌లో నాణేలు వేస్తుంటే మా రూమ్మేట్, ఖమ్మం కుర్రాడు, ఒక కాలికే చెప్పుతో మెట్లు దిగి వచ్చి "అన్నా, వాడు ఎనభై గజాలు ఉరికిండు, ఎవ్వడూ ముట్టలే!" అని అరిచాడు. నేను పైకి పరిగెత్తేసరికి రీప్లే చూపిస్తున్నారు. రెండో సగంలో మావాళ్లు 35 పాయింట్లు కొట్టారు, వాళ్లకి సున్నా. యంగ్ ఒక్కడే 267 గజాలు పరిగెత్తాడు. ఆరోజు నుంచి మ్యాచ్ మధ్యలో టీవీ కట్టేయడం మానేశాను. నా చొక్కాలు రాత్రంతా డ్రయ్యర్‌లోనే ఉన్నాయి.

బేలర్ మీద 62-0, కాన్సస్ మీద 66-14, టెక్సస్ ఏ అండ్ ఎమ్ మీద కొంచెం చెమట పట్టి 40-29, డిసెంబర్‌లో కొలరాడో మీద మళ్లీ 70-3. డెబ్బై! అలా కొట్టడం చూస్తే నాకే కొంచెం జాలేసింది.

దేశ ఛాంపియన్ ఎవరో తేల్చే చివరి మ్యాచ్ 2006 జనవరి 4న, కాలిఫోర్నియాలో పాసడీనాలో, రోజ్ బౌల్ స్టేడియం. అవతల యూఎస్‌సీ, అంటే సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ. వరసగా 34 మ్యాచ్‌లు గెలిచి ఉన్నారు. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నవాళ్లు ఇద్దరు, మ్యాట్ లైనార్ట్, రెజీ బుష్, ఒకే జట్టులో. ఆ ఏడాది ట్రోఫీకి బుష్ మొదట, యంగ్ రెండోవాడు. యంగ్‌కి అది గట్టిగానే తగిలిందంటారు.

న్యాయంగా ఒకటి చెప్పాలి. మొదటి సగంలో యంగ్ మోకాలు నేలకి తగిలాకే బంతి పక్కవాడికి అందించాడు, అంటే ఆట అక్కడే ఆగాలి. రిఫరీలు చూడలేదు, రీప్లే యంత్రం ఆ సమయానికి పనిచేయలేదు, మావాళ్లకి టచ్‌డౌన్ వచ్చేసింది. యూఎస్‌సీ వాళ్లు ఇప్పటికీ తిడుతుంటారు, తిట్టనివ్వండి, తప్పులేదు.

ఇంకా 6 నిమిషాల 42 సెకన్లు ఉండగా స్కోరు 38-26, యూఎస్‌సీ పైన. మా గదిలో పదకొండు మందిమి ఉన్నాం, వండిన పులిహోర ఎవరూ ముట్టలేదు. యంగ్ పదిహేడు గజాలు పరిగెత్తి గీత దాటాడు, 38-33. ఇక్కడి నుంచే నేను మీకు చెప్పాలనుకున్నది.

ఈ మ్యాచ్ అంటే అందరూ ఆఖరి పరుగే చూపిస్తారు. నన్నడిగితే మ్యాచ్ దానికి ముందే తిరిగింది. 2 నిమిషాల 13 సెకన్లు ఉంది, బంతి యూఎస్‌సీదే, మా వైపు చివరి గీతకి 45 గజాల దూరంలో, నాలుగో డౌన్, కావలసింది రెండు గజాలు. నాయనమ్మ నులకమంచం అంత! దాటితే కాలం గడిపేసి కప్పు పట్టుకుపోతారు. తన్నేస్తే బంతి యంగ్ చేతికొస్తుంది, అతనికి ఇవ్వాలంటే వాళ్లకి భయం. కోచ్ పీట్ కారల్ పరిగెత్తమన్నాడు. తప్పు నిర్ణయమని ఇప్పటికీ నేననను. లెండేల్ వైట్, పెద్ద భారీ మనిషి, ఆ రాత్రంతా మావాళ్లని తోసుకుంటూ పోయినవాడు, బంతి పట్టుకుని దూరాడు. మావాళ్లు గుంపుగా మీద పడ్డారు. ఆగిపోయాడు, కొంచెం దూరంలో. బుష్ ఆ సమయానికి మైదానంలో లేడు, బయట నిలబడి ఉన్నాడు.

మా గదిలో ఎవరూ అరవలేదు, బంతి మావాళ్లకి ఇచ్చేదాకా నమ్మలేదు.

ఆపైన యంగ్ బంతి నడిపించాడు. మధ్యలో యూఎస్‌సీ వాడొకడు మావాడి హెల్మెట్ జాలీ పట్టి లాగినందుకు పెనాల్టీ కూడా కలిసొచ్చింది. చివరికి గీతకి పది గజాల లోపల, మావాళ్లదీ నాలుగో డౌనే, కావలసింది ఐదు గజాలు. చీరకన్నా ఓ గజం తక్కువ. యంగ్ విసరడానికి చూశాడు, ఎవరూ ఖాళీగా లేరు, కుడివైపుకి తిరిగి మూలకి పరిగెత్తాడు. అదే నడక. గీత దాటేసరికి 19 సెకన్లు మిగిలాయి. ఇంకో రెండు కూడా తనే పరిగెత్తి తెచ్చాడు, 41-38. ఆ ఒక్క రాత్రి 200 గజాలు పరిగెత్తి, 267 గజాలు విసిరాడు.

ఆస్టిన్‌లో యూనివర్సిటీ టవర్‌కి నారింజరంగు లైట్లు వేసి, కిటికీల వెలుగుతో పెద్ద 1 అంకె కనిపించేలా చేశారు. అర్ధరాత్రి మేమంతా గ్వాడలూప్ వీధిలో నడుస్తుంటే ఎవరో ముక్కూమొహం తెలియని ఆయన నన్ను కౌగిలించుకుని తన టోపీ నా నెత్తిన పెట్టేసి వెళ్లిపోయాడు. మీరు కొట్టుకున్నది దానికోసమే.

యంగ్ ఇంకో ఏడాది కాలేజీకి ఆడే వీలున్నా ఉండకుండా ప్రొఫెషనల్ ఆటకి వెళ్లిపోయాడు. తర్వాత మళ్లీ వచ్చి చదువు పూర్తిచేసి 2013లో డిగ్రీ తీసుకున్నాడు. మీ నాన్నకి ఈ ముక్క చదివి వినిపించకండి, దీన్ని పట్టుకుని మీ ప్రాణం తీస్తాడు.

మ్యాచ్ యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఆఖరి పరుగుకి నేరుగా వెళ్లకండి, ఆట గడియారంలో 2:13 మిగిలిన చోట పెట్టుకుని చూడండి, వైట్ ఎక్కడ ఆగాడో నాకు రాయండి. టోపీ వారం వారం మార్చుకోండి. ఉతకొద్దు, రంగు పోతుంది.

మీ పెదనాన్న