టర్కీ కీమా గురించి తాతయ్య ఉత్తరం

చిన్నీ, బుజ్జీ,

ఆదివారం టాకోలు, బరిటోలు, అంటే కూర పెట్టి మడిచే, చుట్టే మెక్సికో రొట్టెలు చేసుకుంటామని, కీమాకి టర్కీ కోడే కావాలని ఫోన్లో అన్నారు కదా. తోటలో ఉన్నవాటిలో ఒకదాన్ని పొద్దున్నే కోయించాను. తొడ మాంసం, రొమ్ము మాంసం కలిపి అర కిలో మీ నాన్న చేతికి ఇచ్చి పంపిస్తున్నాను. ఐస్ బాగా పెట్టించాను కాబట్టి బొబ్బిలి నుంచి విజయనగరం చేరేదాకా భయం లేదు.

ముక్కలు పంపాడేంటి, కీమా కొట్టించొచ్చుగా అని బుజ్జిగాడు మూతి ముడుస్తాడు, నాకు తెలుసు. కావాలనే కొట్టించలేదురా. మాంసం ముక్కగా ఉన్నంతసేపూ క్రిములు ఎక్కువగా పైపైనే ఉంటాయి. కీమా కొట్టామంటే పైన ఉన్నవన్నీ లోపలికంటా కలిసిపోతాయి. అందుకే కీమా ముక్కల కన్నా తొందరగా పాడవుతుంది. వండబోయే ముందు కొట్టుకుంటేనే మంచిది. ముక్కల్ని చిన్నగా కోసి అరగంట డీప్ ఫ్రీజర్లో పెట్టి, గట్టిపడ్డాక మిక్సీలో కొంచెం కొంచెంగా వేసి, ఆపి ఆపి తిప్పండి. చల్లగా లేకపోయినా, ఆపకుండా తిప్పినా చట్నీలా అయిపోతుంది.

మాంసాన్ని కుళాయి కింద పెట్టి కడగొద్దు. చిందిన నీళ్లతో క్రిములు వంటగట్టంతా పడతాయి. కడగకుండా మాంసం వండటమా అని మీ అమ్మ ఎలాగూ ఒప్పుకోదు. గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడగమనండి, తర్వాత సింకు, చాకు, మాంసం కోసిన పలక సబ్బుతో తోమేయండి. ఆ పలక మీదే ఉల్లిపాయ కోయకండి.

ఇక పొయ్యి దగ్గరికి వద్దాం. అమ్మ పక్కన ఉంటేనే వెలిగించాలి. టర్కీలో కొవ్వు తక్కువ, రొమ్ము మాంసంలో మరీ తక్కువ. నూనె పొదుపు చేస్తే పొట్టులా పొడిబారుతుంది, రెండు పెద్ద చెంచాలు వెయ్యండి. వెడల్పాటి ఇనప మూకుడు పెట్టి, బాగా కాగాక కీమా వేసి పరిచి, రెండు నిమిషాలు కదపకుండా వదిలేయండి. చాలామంది ఇక్కడే ఆగలేరు. వేసిన దగ్గర్నుంచీ గరిటె తిప్పుతూనే ఉంటారు. నీరు ఊరుతుంది, మాంసం ఆ నీళ్లలో ఉడికి తెల్లగా చప్పగా తేలుతుంది. నీరున్నంతసేపూ మాంసం వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రగా వేగి వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలు కావాలి. అంటే నీరు ఇంకిపోవాలన్నమాట. చిటపట శబ్దం మారి అడుగున గోధుమరంగు తిరిగాక అప్పుడు తిప్పి, గరిటెతో ఉండలు చిదపండి.

తర్వాత సన్నగా తరిగిన ఉల్లిపాయ, దంచిన వెల్లుల్లి. అవి మెత్తబడ్డాక రెండు టీస్పూన్ల కారం, ఒకటిన్నర టీస్పూన్ వేయించిన జీలకర్ర పొడి, ముప్పావు టీస్పూన్ ఉప్పు నూనెలో పడేలా వెయ్యండి. కారంలో రంగు, జీలకర్రలో వాసన నూనెలోకే బాగా దిగుతాయి. మాడకుండా అర నిమిషం చాలు. మెక్సికో వాళ్లు ఒరెగానో అనే ఘాటు వాసన ఆకు వేస్తారు. మీ దొడ్డి గోడ పక్కన పెరిగే వామాకు రెండు ఆకులు సన్నగా తరిగి వెయ్యండి, రుచి అటూ ఇటుగా అలాగే ఉంటుంది. గరం మసాలా మాత్రం వద్దు. వేస్తే అది మన కీమా కూరే అవుతుంది, దానికి టాకో అని పేరెందుకు?

చివర్లో ఒక టమాటా గుజ్జు, అర గ్లాసు నీళ్లు పోసి పది నిమిషాలు ఉడికించండి. కోడి జాతి మాంసానికి లోపలిదాకా 74 డిగ్రీల వేడి తగలాలి. ఉండలు లేకుండా చిదిపి, పులుసు కుతకుతలాడేలా ఉడికిస్తే ఆ బెంగ ఉండదు. నీరు ఇగిరి మసాలా కీమాకి పట్టాక దించి నిమ్మరసం పిండండి.

చిన్నీ, ఇవన్నీ ఫారిన్ వంటలని అన్నావు. టర్కీని మొదట మచ్చిక చేసింది మెక్సికో వైపు వాళ్లే. మిరపకాయ, టమాటా, మొక్కజొన్న కూడా అటు నుంచే వచ్చాయి. మన జిల్లాలో ఇప్పుడు మొక్కజొన్న చేలు ఎన్ని ఉన్నాయో చూస్తున్నావు కదా! అక్కడ టాకో రొట్టెకి ఆ గింజల్నే సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి రుబ్బుతారు. సున్నం వల్లే పిండి సాగుతుంది. మన మొక్కజొన్న పిండి అలా చేసింది కాదు, మడిస్తే విరుగుతుంది. మీరు చపాతీలే చేసుకోండి. బరిటోకి వాడేది ఎలాగూ గోధుమ రొట్టే.

టాకోకి చిన్న చపాతీ సగానికి మడిచి కీమా, ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర పెడితే చాలు. బరిటోకి పెద్దది కావాలి. అన్నం, ఉడికించిన బొబ్బర్లు, కీమా మధ్యలో పెట్టి, రెండు పక్కలూ లోపలికి మడిచాకే కింది నుంచి చుట్టాలి. చపాతీ వేడిగా ఉన్నప్పుడే చుట్టండి, చల్లారితే చిరుగుతుంది. ఎక్కువ కూరకండి. బుజ్జీ, ఇది నీకే.

మిగిలిన కీమా రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మూడు రోజుల్లోపు తినేయండి, తినే ముందు పొగలు వచ్చేలా కాచండి. సోమవారం స్కూలు డబ్బాలో మాత్రం పెట్టుకోవద్దు. మధ్యాహ్నం దాకా ఈ ఎండకి ఆగదు. సాయంత్రం ఇంటికొచ్చాక తినండి.

మీ తాతయ్య
బొబ్బిలి