పేరున్న డ్రమ్ కోర్‌కి ఏమవుతుంది అనుకుంటున్నారా? ఫీజు కట్టే ముందు కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆడిషన్ క్యాంపులు అయిపోయి పిల్లల చేతికి కాంట్రాక్టులు రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. డాలస్ చుట్టుపక్కల హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్లలో మన పిల్లలు బాగానే ఉన్నారు. వాళ్లలో కొందరు వేసవికి డ్రమ్ కోర్‌లో చేరుతున్నారు. డ్రమ్ కోర్ అంటే బ్రాస్ వాద్యాలు, డ్రమ్స్, జెండాలు తిప్పే కలర్ గార్డ్‌తో వేసవంతా ఊరూరూ తిరిగి పోటీపడే బృందం. నేను లాభాపేక్ష లేని సంస్థల లెక్కలు చూసే అకౌంటెంట్‌ని. నేను చూసే సంస్థల్లో కోర్‌లు కూడా ఉన్నాయి. అందుకని "అన్నా, మొదటి ఇన్‌స్టాల్‌మెంట్ కట్టమంటున్నారు, కట్టేయమంటావా?" అని అడుగుతారు. వాళ్ల లెక్కలు చూశారా అంటే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "ఫైనల్స్‌కి వెళ్లే కోర్ అన్నా, దానికేమవుతుంది?"

ఈ ఒక్క మాట గురించే ఎక్కువ రాస్తాను. మిగతా అపోహలు విసుగు తెప్పిస్తాయి కానీ ఇంత డబ్బు పోగొట్టవు.

అపోహ: పైన నిలిచే కోర్‌కి డబ్బు ఇబ్బంది ఉండదు

ది కెడెట్స్ 1934లో న్యూజెర్సీలోని గార్ఫీల్డ్‌లో పుట్టింది. ఈ పోటీలు నడిపే డ్రమ్ కోర్స్ ఇంటర్నేషనల్ (డీసీఐ) టైటిళ్లు 10 గెలిచింది. ఈ రంగంలో అంతకన్నా గౌరవంగా పలికే పేర్లు కొన్నే. 2023 వేసవిలో మైదానంలో ఉన్న ఆ కోర్, 2024లో సీజన్‌కి రాలేకపోయింది. ఆ ఏడాదే సంస్థ మూతపడింది. దశాబ్దాల కిందటి లైంగిక దాడి ఆరోపణల మీద దావా పడింది, దాన్ని ఎదుర్కొనే ఆర్థిక బలం సంస్థకి లేకపోయింది. బాధితులకు న్యాయం జరగాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. న్యూజెర్సీ లాంటి రాష్ట్రాలు 2019లో చట్టం మార్చి, గడువు దాటిన కేసులకు మళ్లీ దారి తెరవడం మంచిదే. కానీ పిల్లల్ని నమ్మి పంపే తల్లిదండ్రులు ఒకటి గమనించాలి. 10 టైటిళ్లున్న సంస్థ ఖజానాలో ఒక్క పెద్ద దెబ్బను తట్టుకునేంత నిల్వ లేదు.

శాంటా క్లారా వాన్‌గార్డ్ 1967 నుంచి ఉంది, 2018లో ఛాంపియన్. ఐదేళ్లు తిరక్కుండా, 2023లో డబ్బు సమస్యతో సీజన్ మొత్తం ఆపేసుకుంది. 2024లో తిరిగొచ్చింది. సీజన్ మొదలవకముందే మా వల్ల కాదని చెప్పి ఆగడం, ఇల్లు చక్కబెట్టుకుని రావడం మామూలు విషయం కాదు. ఆ నిర్ణయాన్ని అప్పట్లో తిట్టినవాళ్లు ఉన్నారు, నేను మాత్రం మెచ్చుకుంటాను. జులైలో, సగం టూర్‌లో, పిల్లలు ఏదో ఊళ్లో స్కూలు జిమ్ నేల మీద పడుకుని ఉండగా డబ్బు అయిపోతే ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకోండి.

ఇంకా వెనక్కి వెళ్తే, 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగిన మొట్టమొదటి డీసీఐ ఫైనల్స్ గెలిచిన అనాహైమ్ కింగ్స్‌మెన్ ఇవాళ పోటీల్లో లేదు.

జడ్జిలు బ్రాస్‌కి, పెర్కషన్‌కి, గార్డ్‌కి, డిజైన్‌కి మార్కులేస్తారు. బ్యాలెన్స్ షీట్‌కి వేసే జడ్జి లేడు. పైగా పైకి ఎగబాకాలన్న తొందరలో కొన్ని కోర్‌లు చేతిలో లేని డబ్బు ఖర్చు పెడతాయి. పేరున్న డిజైనర్లు, పెద్ద ప్రాప్స్, కొత్త యూనిఫాంలు. స్కోరు పెరుగుతుంది, అప్పు కూడా పెరుగుతుంది. స్టాండ్స్‌లో కూర్చున్న మనకి మొదటిదే కనిపిస్తుంది.

అసలు ప్రమాదం డబ్బు వచ్చే కాలం, పోయే కాలం మధ్య ఉంటుంది. ఫీజులు చలికాలం నుంచి మే దాకా వాయిదాల్లో వస్తాయి. ఖర్చు మేలో స్ప్రింగ్ ట్రైనింగ్‌తో మొదలై ఆగస్టు రెండో వారంలో ఇండియానాపొలిస్ ఫైనల్స్ దాకా వరదలా పోతుంది. సీజన్ అయ్యాక బస్సుల కంపెనీకి ఇంకా బాకీ ఉందనుకోండి. అక్టోబర్‌లో ఖాతా ఖాళీ, జనవరిలో కొత్త పిల్లల వాయిదాలు వస్తాయి. ఆ డబ్బుతో నిరుటి బాకీ తీర్చడం మొదలైందంటే ఆ కోర్ చిట్టీల వ్యాపారి దారిలో పడ్డట్టే. కొత్త సభ్యుల డబ్బుతో పాత సభ్యులకి సర్దుతూ, ఏదో ఒక ఏడు సభ్యులు తగ్గగానే మొత్తం కూలుతుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. ఒక కోర్ బోర్డు మీటింగ్‌లో కూర్చున్నాను, పేరు అనవసరం. ఆ పూట ఎజెండాలో ఎక్కువ భాగం షో డిజైన్ గురించే. చివర్లో ట్రెజరర్ గొంతు తగ్గించి, ఈ నెల వచ్చిన ఫీజులు నిరుటి రవాణా బిల్లుకే సరిపోయాయని చెప్పాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎవరూ దొంగలు కారు. అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు ఈ పని చేసే వలంటీర్లు, ఒకప్పుడు అదే కోర్‌లో మార్చ్ చేసినవాళ్లు. ప్రేమ ఎక్కువై లెక్క అడగలేకపోయారు. ఆ ఏడాది కట్టిన తల్లిదండ్రుల్లో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు.

మరి ఎలా తెలుసుకోవాలి?

ఫారం 990 చూడండి. లాభాపేక్ష లేని సంస్థలు ఏటా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి ఇచ్చే రిటర్న్ అది. కోర్‌లు దాదాపు అన్నీ 501సీ3, అంటే టాక్స్ మినహాయింపు ఉన్న సంస్థలే కాబట్టి వాటి రిటర్న్ బహిరంగ పత్రం. ఐఆర్ఎస్ సైట్‌లోనూ, ప్రోపబ్లికా నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్‌లోనూ ఉచితంగా దొరుకుతుంది. అడిగితే గత మూడేళ్లవి చూపించాల్సిన బాధ్యత సంస్థది. ఒక్క ఏడాదిది చూసి వదిలేయకండి, మూడూ పక్కపక్కన పెట్టుకోండి.

మొదటి పేజీలో ఆదాయంలోంచి ఖర్చు తీసేసిన లైన్ ఉంటుంది. ఒక ఏడు మైనస్ వస్తే కంగారు పడొద్దు. వరసగా మూడేళ్లు మైనస్ అయితే ఆగండి. తర్వాత పార్ట్ 10, బ్యాలెన్స్ షీట్. అక్కడ నగదు ఎంత, చెల్లించాల్సిన బిల్లులు ఎంత, డిఫర్డ్ రెవెన్యూ ఎంత చూడండి. డిఫర్డ్ రెవెన్యూ అంటే ఇంకా ఇవ్వని సేవకి ముందే తీసుకున్న డబ్బు, అంటే చాలావరకు మీలాంటివాళ్లు కట్టినదే. ఆ అంకె కన్నా నగదు బాగా తక్కువ ఉంటే, మీ డబ్బు అప్పటికే వేరే చోట ఖర్చయిపోయిందని అర్థం. దాతల షరతులు లేని నికర ఆస్తులు మైనస్‌లో ఉన్నాయా, బోర్డు సభ్యుల దగ్గరో డైరెక్టర్ దగ్గరో అప్పు తీసుకున్నారా అన్నవి కూడా ఆ పేజీలోనే కనిపిస్తాయి.

ఒక చిక్కు ఉంది. రిటర్న్‌లు ఆలస్యంగా వస్తాయి. సెప్టెంబర్ 30న సంవత్సరం ముగిసే సంస్థకి గడువు ఫిబ్రవరి 15, పొడిగింపు తీసుకుంటే ఆగస్టు 15. అందుకే డిసెంబర్‌లో మీరు చూసేది పాత బొమ్మ. కాబట్టి నేరుగా అడగండి: నిరుటి సీజన్ బిల్లులన్నీ తీరాయా? సీజన్ ఆగిపోతే మా డబ్బు సంగతేమిటి, కాంట్రాక్టులో ఎక్కడుంది? పిల్లాడికి దెబ్బ తగిలి మధ్యలో వచ్చేస్తే ఎంత తిరిగొస్తుంది? మంచి కోర్ వీటికి విసుక్కోదు. "మీకు మా మీద నమ్మకం లేదా" అని ఎదురు ప్రశ్న వేస్తే నాకైతే అదే జవాబు.

కోర్ దివాలా తీస్తే తనఖా ఉన్న అప్పులవాళ్లు ముందుంటారు, మన వంతు ఆ తరవాత. అందుకని వీలైతే క్రెడిట్ కార్డుతో కట్టండి, కొంచెం చార్జీ పడినా సరే. సేవ అందకపోతే డిస్ప్యూట్ వేసే హక్కు ఉంటుంది. జెల్ (Zelle) యాప్‌లో పంపిన డబ్బుకి ఆ దారి ఉండదు. మొత్తం ముందే కట్టేస్తే డిస్కౌంట్ అంటే ఆశపడొద్దు, వాయిదాల్లోనే కట్టండి.

ఇదంతా చదివి టెన్షన్ పడి పిల్లల్ని ఆపేయకండి. మొన్నీమధ్య ఒక తల్లి ఏడుస్తూ ఫోన్ చేసింది. వాళ్లబ్బాయికి టూబాలో చోటొచ్చింది, ఎవరో ఈ కోర్ మూసేస్తున్నారట అన్నారు. ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదు. ఇద్దరం ఫోన్‌లోనే మూడేళ్ల 990లు తెరిచాం. నిల్వ ఉంది, అప్పు లేదు, విరాళాలు నిలకడగా ఉన్నాయి. ఆ పుకారు ఎక్కడ పుట్టిందో అడిగితే, పోయిన ఏడాది సీటు రాని పిల్లాడి ఇంట్లో. ఇలాంటి మాటలు మోసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. పత్రాలు అందరి ముందూ ఉండగా పుకారుతో పనేమిటి?

అపోహ: వేల డాలర్ల ఫీజు, అంతా లాభమే

లెక్క వేద్దాం. ఇప్పుడు కోర్‌లో గరిష్ఠంగా 165 మంది. తలా 5,500 డాలర్లు అనుకుంటే 9,07,500 డాలర్లు. పెద్ద కోర్ బడ్జెట్ పది లక్షలు దాటి చాలా దూరం వెళ్తుంది. పిల్లలు, స్టాఫ్, వలంటీర్లు కలిపి 200 మందికి రోజుకి నాలుగు పూటలు, అంటే 800 ప్లేట్లు. నాలుగైదు కోచ్ బస్సులు, సెమీ ట్రక్కులు, డీజిల్, రాత్రి ప్రయాణాలకి డ్రైవర్లు, పడుకోవడానికి స్కూళ్ల అద్దె, ఇన్సూరెన్స్. మిగిలిన తేడా విరాళాలు, టీషర్టుల అమ్మకాలు, షోల నుంచి వచ్చే వాటా, కొన్ని కోర్‌లకి బింగో ఆదాయం పూడుస్తాయి. కాలిఫోర్నియాలో బ్లూ డెవిల్స్, వాన్‌గార్డ్ ఎన్నో ఏళ్లుగా బింగో నడిపాయి.

ఒక్క దాత మీద ఆధారపడటం ఎలా ఉంటుందో స్టార్ ఆఫ్ ఇండియానా చూపించింది. బిల్ కుక్ అనే పారిశ్రామికవేత్త 1984లో మొదలుపెట్టారు, 1991లో ఛాంపియన్, 1993లో పదో వంతు పాయింటు తేడాతో రెండో స్థానం, ఆ తర్వాత పోటీలకే రాలేదు. ఆ బృందమే తర్వాత బ్లాస్ట్ అనే స్టేజ్ షోగా మారి 2001లో టోనీ అవార్డు గెలిచింది. అద్భుతమే, నాకు చాలా ఇష్టం కూడా. కానీ పిల్లల కోర్ మాత్రం మిగల్లేదు.

టాక్స్ గురించి గబగబా

కోర్ 501సీ3 కాబట్టి ఫీజుకి డిడక్షన్ వస్తుందంటారు. రాదు. అది మీ పిల్లాడు పొందే సేవకి ధర. ఆఫీసులో డొనేషన్ మ్యాచింగ్ (మన విరాళానికి తోడు కంపెనీ కూడా ఇవ్వడం) ఉంది కదా అని ఫీజుని విరాళంగా చూపించొద్దు, ఉద్యోగానికే ముప్పు. పిల్లల చదువుకి దాచే 529 ఖాతాలోంచి తీయొచ్చన్నదీ తప్పే, కోర్ అర్హత ఉన్న విద్యాసంస్థ కాదు. "నీ కొడుకు పేరు మీద ఫండ్‌రైజింగ్ చేస్తే వాడి ఫీజులోంచి తీసేస్తారు" అన్న పద్ధతి కూడా జాగ్రత్త. 2013లో క్యాపిటల్ జిమ్నాస్టిక్స్ అనే బూస్టర్ క్లబ్ సరిగ్గా ఇలాంటి పద్ధతి వల్లే టాక్స్ కోర్టులో ఓడి టాక్స్ మినహాయింపు పోగొట్టుకుంది.

అపోహ: మైకులు, సింథసైజర్లు వచ్చాకే ఖర్చు పెరిగింది

జీ శ్రుతి బ్యూగిళ్లు మాత్రమే వాయించిన కాలం వాళ్లు ప్రతి షోలో ఈ మాట అంటారు. 2000లో ఏ శ్రుతి బ్రాస్ అయినా సరే అన్నారు, 2004లో ఆంప్లిఫికేషన్, 2009లో ఎలక్ట్రానిక్స్ వచ్చాయి. ఇవి ఖర్చే. కానీ కోర్‌లని తినేస్తున్నవి బస్సులు, ఇన్సూరెన్స్, వసతి.

అపోహ: డ్రమ్ కోర్ పని అయిపోయింది

మాజీ సైనికుల సంఘం అమెరికన్ లీజియన్ శాఖలు, చర్చిలు నడిపిన రోజుల్లో ఊరికొకటి ఉండేవి, వాటితో పోలిస్తే ఇవాళ పిడికెడే. నిజమే. 2020 సీజన్ కోవిడ్ మింగేసింది. అయినా 2025లో బోస్టన్ క్రూసేడర్స్, 1940 నుంచి ఉన్న కోర్, మొదటిసారి టైటిల్ గెలిచింది. శాక్రమెంటోలో చైనీస్ అమెరికన్ కుటుంబాలు 1963లో తమ పిల్లల కోసం మొదలుపెట్టిన మాండరిన్స్ ఇవాళ పై విభాగమైన వరల్డ్ క్లాస్‌లో పోటీ పడుతోంది. వయసు పరిమితి లేని పోటీలు కూడా డీసీఐ కిందికి వచ్చాయి.

నా అభిప్రాయం అడిగితే, దేశమంతా తిరిగే ఈ టూర్ ఇదే పొడవుతో ఎక్కువ కాలం నిలవదు. ప్రాంతాల వారీగా తక్కువ ప్రయాణం, చివరి రెండు వారాలు అందరూ కలవడం, అటువైపే వెళ్లాలి. పిల్లలకి ఇండియానాపొలిస్‌లో లూకస్ ఆయిల్ స్టేడియం రాత్రి ముఖ్యం, అక్కడికి చేరడానికి ఎన్ని వేల మైళ్లు తిరిగారన్నది కాదు. ఓపెన్ క్లాస్ అనే చిన్న విభాగంలోని కోర్‌లు ఇప్పటికే తక్కువ ఫీజుతో, చిన్న టూర్‌తో నడుస్తున్నాయి. మొదటి ఏడాది వెళ్లే పిల్లలకి నేను వాటినే ముందు చూడమంటాను.

ఇంకొకటి. కోర్‌ల బోర్డుల్లో సంగీతం తెలిసినవాళ్లు నిండా ఉన్నారు, లెక్కలు తెలిసినవాళ్లు కరువు. మనవాళ్లలో అకౌంటెంట్లు, ఆడిటర్లు, ఫైనాన్స్ పనిచేసేవాళ్లు ఎంతమంది లేరు! వంట ట్రక్కులో ఉల్లిపాయలు తరగడానికి వెళ్లే తల్లిదండ్రులకి దండం పెడతాను, ఆ పని కావాలి. కానీ నెలకొకసారి రెండు గంటలు ఫైనాన్స్ కమిటీలో కూర్చోగలిగితే అడిగి చేరండి. ఫీజు కట్టేటప్పుడు డైరెక్టర్‌కి ఒక్క మెయిల్ పెడితే చాలు, చాలా కోర్‌లు ఆ వారంలోనే తిరిగి రాస్తాయి.