ఎందుకు రాస్తారని అడిగారు కదా

పెరంబూరు, చెన్నై

చిరంజీవులకు,

ఆదివారం తెలుగు క్లాసులో మీరడిగిన ప్రశ్నకు నాలుగు ముక్కల్లో జవాబు చెప్పి పంపించేయడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఈ ఉత్తరం. "రచయితలు ఎందుకు రాస్తారమ్మమ్మా? ఇప్పుడు అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా" అన్నారు. ఫోన్‌లో ఉన్నవి కూడా ఎవరో రాసినవే. కానీ మీరడిగింది అది కాదని నాకు తెలుసు. ఎవరూ బలవంతపెట్టకుండా ఒక మనిషి కూర్చుని, కష్టపడి ఎందుకు రాయాలి, రాస్తే పదిమందికీ ఏం ఒరుగుతుంది అన్నదే కదా మీ సందేహం.

నేను ఈ ఊళ్ళో తెలుగు అచ్చాఫీసుల్లో ప్రూఫులు దిద్దుతూ సంసారం నడుపుకున్నదాన్ని. చాలామంది రచయితల మొహం చూడలేదు గానీ, వాళ్ళ చేతిరాత మాత్రం బాగా ఎరుగుదును. కాబట్టి నాకు తెలిసిన దారిలోనే చెబుతాను.

గురజాడ అప్పారావు గారి పేరు మీరు వినే ఉంటారు. ఆయన విజయనగరం వాసి. ఆయన నాటకం "కన్యాశుల్కం" 1897లో మొదట అచ్చయింది మాత్రం మన చెన్నైలోనే, అంటే అప్పటి మద్రాసులో, పుస్తకాలు ప్రచురించే వావిళ్ళ వారి ద్వారా. ఆ రోజుల్లో కొన్ని ఇళ్ళల్లో ఆడపిల్లను డబ్బు తీసుకుని ముసలివాళ్ళకు ఇచ్చి పెళ్ళి చేసేవాళ్ళు. నాటకానికి రాసిన ముందుమాటలో ఆయన ఒక జాబితా సంగతి చెప్పారు. విజయనగరం మహారాజా వారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళపాటు బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన ఇలాంటి పెళ్ళిళ్ళను లెక్క రాయించారు. దొరికినవి 1034. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పసికందుల ధర 350 నుంచి 400 రూపాయలు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు కాబట్టి లెక్కకు రానివి ఇంకా ఉంటాయని కూడా ఆయనే రాశారు.

ఇప్పుడు చూడండి. లెక్క తయారుగా ఉంది. ఎవరినీ కదిలించకుండా అది రాజుగారి కాగితాల్లోనే ఉండిపోగలదు. ఏడాది పిల్లలు ముగ్గురు అని చదివి "అయ్యో" అనుకుని, భోజనానికి లేచి వెళ్ళిపోగలం. గురజాడ గారు ఆ లెక్కలోంచి ఒక ఇంటిని బయటికి తీశారు. ఆ ఇంట్లో పెద్ద కూతురు బుచ్చమ్మ, చిన్నతనంలోనే భర్త పోయిన పిల్ల. రెండో కూతురు సుబ్బిని డబ్బుకు ఆశపడి తండ్రి ముసలి లుబ్ధావధాన్లకు ఇస్తానంటాడు. తల్లి వెంకమ్మ బతిమాలుతుంది, వినడు. వెళ్ళి నూతిలో దూకుతుంది. ఊళ్ళోవాళ్ళు బయటికి తీస్తారు. వీళ్ళందరూ మన వీధిలో మనుషులు మాట్లాడుకునే తెలుగులోనే మాట్లాడతారు. అప్పట్లో అలా రాయడమే పెద్ద సాహసం. చూసేవాళ్ళు కడుపుబ్బ నవ్వుతారు. నవ్వుతూ నవ్వుతూ, ఇది మా ఇంట్లో జరిగిందే కదా అని తల దించుకుంటారు.

నాకు తెలిసినంతలో రచయిత చేసే ముఖ్యమైన పని ఇదే. ఎవరికీ పట్టని సంగతిని అందరికీ పట్టేలా చేస్తారు. లెక్కలు అవసరం లేదని కాదు. ఆ జాబితా లేకపోతే ఇంత ఘోరమని మనకు తెలిసేదే కాదు. కానీ సుబ్బి లేకపోతే ఆ లెక్క మనకు గుర్తుండేదీ కాదు.

నాటకం ఆడగానే ఆ దురాచారం పోయిందని మాత్రం అనుకోవద్దు. కందుకూరి వీరేశలింగం గారు అంతకుముందే, 1881లో, రాజమండ్రిలో తెలుగునాట మొదటి వితంతు వివాహం జరిపించి తిట్లూ వెలివేతలూ పడ్డారు. ఆయన పత్రిక నడిపారు, బడి పెట్టారు, రాశారు, వీధిలోకీ వచ్చారు. చివరికి 1919లో ఈ మద్రాసులోనే కన్నుమూశారు. బాల్యవివాహాలకు అడ్డుకట్ట వేసే చట్టం 1929లో గానీ రాలేదు. ఇలాంటి పనిలో చాలామంది చెయ్యి వేయాలి, వాళ్ళలో రచయిత ఒకరు. ప్రపంచాన్ని మార్చేసేది రచయితేనని ఎవరైనా స్టేజీ ఎక్కి చెబితే నేను ఒప్పుకోను. రచయితతో పనేముంది అన్నా ఒప్పుకోను.

ఇక గరిమెళ్ళ సత్యనారాయణ గారి సంగతి. ఇది చెబుతుంటే నాకు ఎప్పుడూ గొంతు పట్టేస్తుంది. "మాకొద్దీ తెల్లదొరతనము" అని ఆయన ఒక పాట కట్టారు. చదువు రానివాళ్ళు కూడా నోటికి నేర్చుకుని ఊరూరా పాడారు. ప్రభుత్వం 1922లో ఆయన్ని జైల్లో పెట్టింది. బయటికొచ్చాక మళ్ళీ పాడారు, మళ్ళీ పెట్టింది. తర్వాత ఆయన మద్రాసు వచ్చి, కేసరి గారు నడిపిన "గృహలక్ష్మి" లాంటి పత్రికల్లో పనిచేశారు. స్వాతంత్ర్యం వచ్చింది. పాట అందరికీ గుర్తుంది, పాట కట్టిన మనిషిని మాత్రం మర్చిపోయారు. 1952లో ఈ ఊళ్ళోనే పేదరికంలో పోయారు. సమాజంలో రచయిత పాత్ర ఏమిటని అడుగుతారు గదా, రచయిత విషయంలో సమాజం ఏం చేసిందో కూడా అడగడం నేర్చుకోండి.

మరి పేరు కోసం రాయరా? రాస్తారు. డబ్బు కోసమూ రాస్తారు, అందులో తప్పేమీ లేదు. సినిమాలకు రాసి పిల్లల్ని చదివించుకున్నవాళ్ళు ఒకప్పుడు కోడంబాకం నిండా ఉండేవాళ్ళు. నమ్మనిది నమ్మినట్టు రాయడం తప్పు. పెద్దవాళ్ళ మెప్పు కోసం కళ్ళెదుట జరిగేది చూడనట్టు రాయడం తప్పు.

పేరే లేకుండా రాసినవాళ్ళూ ఉన్నారు. మీ తాతయ్యలు చిన్నప్పుడు ప్రాణం పెట్టి చదివిన "చందమామ" 1947 జూలైలో ఈ ఊళ్ళోనే పుట్టింది. అందులో "తోకచుక్క" మొదలుకుని ఎన్నో సీరియళ్ళు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. సీరియల్ కింద ఆయన పేరు ఉండేది కాదు. మాంత్రికులూ, రాక్షసులూ, అడవుల్లో సాహసాలూ చదువుతూ వచ్చే నెల సంచిక కోసం లక్షల మంది పిల్లలు ఎదురుచూసేవాళ్ళు. రాసిందెవరో వాళ్ళలో చాలామందికి పెద్దయ్యేదాకా తెలియలేదు. మీలాంటి పిల్ల పేజీ తిప్పకుండా ఉండలేకపోవాలి, అంతే ఆయనకు కావలసింది.

రాయడం ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తాను. నా దగ్గరికి వచ్చిన ఒక కథ వ్రాతప్రతిలో "ఆమె చాలా బాధపడింది" అన్న వాక్యం కొట్టేసి ఉంది. దాని పైన "ఆమె మాట్లాడలేదు" అని రాసి, అదీ కొట్టేశారు. పక్కన మార్జిన్‌లో, సన్నటి అక్షరాలతో, "ఆరిపోయిన పొయ్యిని ఊదుతూ కూర్చుంది" అని రాశారు. నేను ప్రూఫు దిద్దుతున్నదాన్నల్లా పెన్ను కింద పెట్టేశాను. ఆ ఇల్లాలి బాధ నాకు కనబడింది. మొదటి వాక్యం చదివి ఉంటే అచ్చుతప్పు ఉందా లేదా అని చూసి పక్క లైనుకు వెళ్ళిపోయేదాన్ని.

అది ఎవరో మహా రచయితలకే చేతనవుతుందని అనుకోకండి. 2019 వేసవి మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. చెరువులు ఎండిపోయి మెట్రో వాటర్ లారీ కోసం వీధులన్నీ కాచుకున్నాయి. పేపర్లు నీటిమట్టాలు రాశాయి, రాయాల్సిందే. మా వీధిలో లారీ రాకముందే ప్లాస్టిక్ బిందెలు వరసగా పెట్టి వెళ్ళేవాళ్ళు. అన్నీ ఒకే రంగు. ఒకావిడ తన బిందె మారిపోకుండా దాని మెడకు పాత చీర అంచు కట్టింది, బూడిదరంగు మీద పసుప్పచ్చ చుక్కలు. ఒకరోజు ఆవిడకు డ్యూటీ ఉండి రాలేకపోయింది. వరస కదిలినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ చుక్కల బిందెను కూడా ముందుకు జరుపుతూ వచ్చారు. నిండాక ఆవిడ గుమ్మం ముందు పెట్టారు. ఈ సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. చూసినవాళ్ళు రాస్తేనే ఉంటుంది, లేకపోతే ఆ వీధితోనే పోతుంది.

వచ్చే ఆదివారం మీరు ఒక్కొక్కరు ఒక కాగితం తీసుకురండి. మీ వీధిలోనో, ఎలక్ట్రిక్ ట్రెయిన్‌లోనో, స్కూల్లోనో మీరు కళ్ళారా చూసింది, ఇంకెవరూ పట్టించుకోలేదని మీకనిపించింది రాయండి. "బాధ", "సంతోషం" అన్న మాటలు వాడకుండా ప్రయత్నించండి. మీలో చాలామంది బడిలో తమిళమే చదువుతున్నారు, తెలుగు గుణింతాలు ఇంకా తడబడతాయని నాకు తెలుసు. టెన్షన్ పడొద్దు. తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో రాసి తెచ్చినా సరే, నాకు రెండూ వచ్చు. అక్షరాలు మెల్లగా దిద్దుకుందాం. మూడో తరగతి పిల్లలు చెప్తే అక్కలు రాసిపెట్టండి, కానీ వాళ్ళ మాటల్ని మీరు మార్చకూడదు. కాగితం వెనకవైపు ఖాళీగా వదలండి, మిగతావాళ్ళకు అందులో ఏం కనబడిందో అక్కడ రాయిస్తాను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ